ఒక యింటికి రెండు వేడిమి లెక్కలా?

మా ఎర్రుపాలెములో మే నెల వచ్చినదనగా ప్రతి యింటను రెండు అంకెలు వినవచ్చును. ఉదయము పత్రిక విప్పిన గృహస్థు "నిన్న ఖమ్మములో నలుబదినాలుగు డిగ్రీలట" అనును. సాయంకాలము పిల్లవాని చంకలో థర్మామీటరు పెట్టి తీసిన గృహిణి "నూటరెండున్నది" అని కలవరపడును. రెండును డిగ్రీలే, రెండును వేడిమిని తెలుపు అంకెలే. ఐనను ఆ దంపతులను "ఈ రెంటిలో ఏది యెక్కువ వేడి? మీ పిల్లవాని యొడలా, వీథిలోని గాలియా?" అని యడిగి చూడుడు. నూటరెండే పెద్దదనువా రుందురు. దానికిని దీనికిని పోలిక యెట్లు కుదురునని తెల్లబోవువారును ఉందురు. నిజమేమన, ఆ పిల్లవాని జ్వరము సెల్సియస్ లెక్కలో 38.9; వీథిలోని గాలి 44. జ్వరముతో కాలుచున్న యొడలికంటె బయటి గాలియే అయిదు డిగ్రీలు వేడిగా నున్నది.

ఈ పోలిక తెలియకపోవుటను చిన్న లోపముగా నెంచుటకు వీలులేదు. ఎండను సెల్సియస్ లెక్కలోను, జ్వరమును ఫారెన్‌హైటు లెక్కలోను చూచు ఆచారము మన యిండ్లలో వేళ్ళుతన్ని యున్నది. మొదటిది ఆకాశవాణివలనను పత్రికలవలనను వచ్చినది; రెండవది వైద్యుని చీటివలన వచ్చినది. రెండును ఒక్క గడప లోపల కాపురముండియు ఒకదానితో నొకటి పలుకవు. ఈ ఆచారమును మానవలయుననియు, ఎండనైనను ఒడలినైనను సెల్సియస్ మానముతోనే కొలువవలయుననియు మా వాదము. ఇది తీరికవేళ లేవదీసిన శబ్దచర్చ గాదు. ఏటేట వేసవిలో మన ప్రాంతమున పోవుచున్న ప్రాణములతో దీనికి సంబంధమున్నది. ఎట్లో వివరింతుము.

వేడిమి యెల్లప్పుడును వేడి వస్తువునుండి చల్లని వస్తువునకు ప్రవహించును. ఇది బడిపిల్లలును ఎఱిగిన సూత్రము. మనుష్యశరీరము లోపల ఇంచుమించు 37 డిగ్రీల సెల్సియస్ వేడిమి యుండును. చర్మము అంతకంటె రెండు మూడు డిగ్రీలు చల్లగా నుండును. గాలి 28, 30 డిగ్రీలున్నప్పుడు ఒడలిలో పుట్టిన అధికోష్ణము చర్మమునుండి గాలిలోనికి పోవుచుండును; మనకు సుఖముగా నుండును. గాలి 37ను దాటినదా, ప్రవాహము తలక్రిందులగును. గాలియే మన యొడలిలోనికి వేడిమిని త్రోయును. అప్పుడు మనలను కాపాడునది చెమట యొక్కటే. చెమట ఆవిరియగుచు ఒడలి వేడిమిని తనతో తీసికొనిపోవును. చెమటకు నీరు కావలెను. నీరు త్రాగనివానికి ఆ రక్షణము తఱిగిపోవును. కావున 37 అను అంకె యొక గట్టు వంటిది. నేటి యెండ ఆ గట్టునకు ఈవల నున్నదా, ఆవల నున్నదా యనునదే వేసవిలో ప్రతి గృహిణియు ప్రతిదినము తెలిసికొనవలసిన మొదటి సంగతి. తన యొడలి వేడిమిని 98.6గా కంఠస్థము చేసికొనిన యామెకు పత్రికలోని 44 ఏమి చెప్పగలదు? 98.6 ముందర 44 చిన్నదిగానే కనబడును గదా!

ఫ్యాను సంగతి చూడుడు. గాలి 40 డిగ్రీలకు లోబడి యున్నప్పుడే ఫ్యాను మేలు చేయుననియు, 40 దాటినపిమ్మట అది ఒడలిని వేడెక్కించుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. పొయ్యి ముందు కూర్చుండి విసనకఱ్ఱతో మంట సెగను మీదికి విసరుకొనువాని నెవడైన చూచినచో నవ్వును. కాని రేకుల కప్పు క్రింద, మిట్టమధ్యాహ్నము, ముసలి తల్లిని ఫ్యాను క్రింద పరుండబెట్టి, గాలి బాగుగనే వచ్చుచున్నదని నిశ్చింతతో పనికి పోవు కొడుకును చూచి యెవడును నవ్వడు. ఆ కొడుకునకు ప్రేమ తక్కువ గాదు. గాలి మనుష్యుని యొడలికంటె వేడిగా నుండగలదను భావమే వాని మనస్సున పుట్టలేదు. తడిగుడ్డతో ఆమె యొడలు తుడువవలెననియు, కుండలోని నీరు గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగింపవలెననియు వానికి తోచదు. ఆ భావము పుట్టకుండ అడ్డుపడుచున్నవి ఈ రెండు లెక్కలే.

ఎర్రుపాలెము కాజీపేట-విజయవాడ రైలుమార్గమున, రెండు తెలుగు రాష్ట్రముల పొలిమేరలో నున్నది. ఇచ్చటినుండి ఉత్తరముగా పోగా కొత్తగూడెపు బొగ్గుగనులు, వానికి ఆవల భద్రాచలపు అడవులు. ఈ జిల్లాలో నీడపట్టున కూర్చుండి బ్రతుకువారికంటె ఎండలో నిలిచి బ్రతుకువారే యెక్కువ. మిరపకాయ కోతకు అడవి గూడెములనుండి ఆదివాసి కూలీలు పిల్లలతో మైదానమునకు దిగివత్తురు. కోసిన కాయ వేసవి ముఖమున కల్లములలో ఎండును. ఏప్రిలు, మే నెలలలో అడవిలో తునికాకు కోయుదురు. ఊళ్ళలో ఉపాధిహామీ మట్టిపని యదే కాలమున సాగును. 2003 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వడదెబ్బచే వేయిమందికి మించి మరణించిరి. 2015లో దేశమున రెండువేలకు పైగా మరణింపగా వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రములవారే. ఆ యేటి మే నెలలో ఖమ్మములో ఎండ 48 డిగ్రీలకు చేరినదని పత్రికలు వ్రాసినవి. 48 అనగా ఫారెన్‌హైటు లెక్కలో 118. మన యింటిలోని జ్వరపు థర్మామీటరులో అంతటి అంకెయే లేదు! పిల్లవానికి నూటయైదు వచ్చినచో ఇల్లంతయు ఏడ్చును; వాడు పీల్చు గాలి నూటపదునెనిమిది యైనను "ఎండలు కొంచెము ముదిరినవి" అని యూరకుందుము. మన భయము అంకెను బట్టి గాక అలవాటును బట్టి నడచుచున్నదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక వడదెబ్బకును జ్వరమునకును గల భేదమును చూతము. జ్వరములో శరీరము తన వేడిమిని తానే పెంచుకొనును. రోగముతో పోరాడు ప్రయత్నములో నది యొక భాగము. జ్వరపు మాత్ర ఆ ప్రయత్నమును శాంతింపజేయును. వడదెబ్బలోనో, బయటి వేడిమి లోపలికి వచ్చి, లోపలి వేడిమి బయటికి పోలేక, శరీరము తన యేలుబడిని కోల్పోవును. అక్కడ జ్వరపు మాత్ర పనిచేయదు. ఒడలి వేడిమి 40 డిగ్రీలకు చేరి, మాట తడబడి, మతి తప్పినచో అది ప్రాణాపాయము. వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల నీటితో తడిపి, గాలి తగులనిచ్చి, 108 వాహనమును పిలువవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. కాని మన యిండ్లలో జరుగుచున్న దేమి? పొలమునుండి వచ్చి పడిపోయిన కూలివాని చంకలో థర్మామీటరు పెట్టుదురు. నూటనాలుగు చూపును. "జ్వరము వచ్చిన"దందురు. మాత్ర మ్రింగింతురు. దుప్పటి కప్పువారును గలరు. బయటి గాలి 44, లోపలి యొడలు 40 అని ఒకే లెక్కలో రెండంకెలు ప్రక్కప్రక్కన నిలిచిన యెడల, ఈ వేడిమి యెటనుండి వచ్చినదో చదువురాని వానికిని తెలియును. 44, 104 అని నిలిచినచో చదివినవానికిని తెలియదు. 2025లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయము నిర్ణయించినది. మంచిదే. కాని పరిహార మందుకొను కుటుంబములకంటె, వేళకు తెలిసికొని మనిషిని దక్కించుకొను కుటుంబములు పెరుగవలె నని మా కోరిక.

ఈ రెండు లెక్కలు ఎక్కడివి? ఫారెన్‌హైటు డాన్‌జిగ్ పట్టణమున 1686లో పుట్టి హాలెండులో స్థిరపడిన పనిముట్ల నిర్మాత. పాదరసముతో నమ్మదగిన థర్మామీటరును చేసిన కీర్తి యాతనిది. 1724లో ఆయన ప్రకటించిన లెక్కలో మంచు, నీరు, నవాసాగరము కలిపిన మిశ్రమపు చల్లదనము సున్న. మంచు కరగు స్థానము 32. మనుష్యుని యొడలు 96. నాటి పరికరములకు నాటి బుద్ధిమంతుడు కట్టుకొనిన లెక్క యది. దానిని మేము నిందింపము. సెల్సియస్ స్వీడను దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయపు ఖగోళశాస్త్రజ్ఞుడు. 1742లో నీరు మరుగుటకును గడ్డకట్టుటకును నడుమ దూరమును నూఱు భాగములు చేసెను. వింత యేమనగా, ఆయన మరుగు స్థానమును సున్నగాను, గడ్డకట్టు స్థానమును నూఱుగాను పెట్టెను! 1744లో ఆయన మరణించిన పిదప తోడి శాస్త్రజ్ఞులు ఆ నిచ్చెనను తిరుగవేసిరి. మూలపురుషుడు పెట్టినదని యెవ్వరును దానిని పట్టుకొని వ్రేలాడలేదు. సౌకర్యమును చూచి మార్చిరి. శతాంశమానమని పేరుపడిన ఆ లెక్కకు 1948లో అంతర్జాతీయ మహాసభ సెల్సియస్ పేరు నిలిపినది. పుట్టిన దేశములో పుట్టినవెంటనే తలక్రిందులు చేసికొనిన లెక్కను మనము పూర్తిగా నంగీకరింపక, తక్కిన ప్రపంచము విడిచిన లెక్కను మన యింటి మందుల పెట్టెలో భద్రపఱచుకొనుట యేమి వివేకము?

98.6 అను అంకెకు మన యిండ్లలో గల గౌరవము మంత్రమునకుండు గౌరవము వంటిది. దాని పుట్టుక విన్నచో ఆ గౌరవము కొంత తగ్గును. జర్మనీలో లైప్‌జిగ్ నగరపు వైద్యుడు వుండర్లిష్ వేలకొలది రోగుల యొడలి వేడిమిని కొలిచి 1868లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఆయన చెప్పిన ఆరోగ్యవంతుని సగటు వేడిమి 37 డిగ్రీల సెల్సియస్. అది గుండుసంఖ్య. దానిని ఆంగ్లేయ వైద్యులు తమ లెక్కలోనికి మార్పగా 98.6 వచ్చినది. అనగా మనము సూక్ష్మమని మురిసిపోవు ఆ దశాంశము శరీరమునుండి వచ్చినది గాదు, గుణకారమునుండి వచ్చినది! 1992లో అమెరికా పరిశోధకులు మరల కొలిచి చూడగా సగటు 98.2 అని తేలినది. ప్రాతఃకాలమున కొంచెము తక్కువ, సాయంకాలమున కొంచెము ఎక్కువ యుండుట శరీరధర్మము. ఐనను 99 చూచి మంచమెక్కువారును, 98.6కు చుక్కయైన తగ్గినచో నీరసమని బలమునకు మందు కొనువారును మనలో కలరు. సెల్సియస్ బిడ్డను ఫారెన్‌హైటు చొక్కా తొడిగి పెంచుకొనుచు, దానిని స్వంత బిడ్డ యని వాదించుచున్నాము.

చట్టము మాట యేమి? 1956లో మన పార్లమెంటు తూనికల కొలతల చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని స్వీకరించినది. 1957 ఏప్రిలు 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. వీసెలు, శేర్లు పోయి కిలోలు వచ్చినవి. అడ్డెడు, సోల, గిద్దె పోయి లీటరు వచ్చినది. 2009 నాటి చట్టము వేడిమికి కెల్విను మూలప్రమాణ మని నిర్ణయించినది. కెల్విను మెట్టును సెల్సియస్ మెట్టును ఒక్కటే పరిమాణము, సున్న పెట్టిన చోటు మాత్రము 273.15 మెట్లు వేఱు. పదునాఱణాల రూపాయికి జన్మమంతయు అలవాటుపడిన చదువురాని ముసలమ్మలు సంతలో నయాపైసలు లెక్కించుట నేర్చుకొనిరి. వారికి సాధ్యమైనది నేటి పట్టభద్రులకు సాధ్యము కాదా?

మన పొలిమేర గ్రామములకు ఈ విషయమున ప్రత్యేకమైన అనుభవమున్నది. ఎర్రుపాలెము నిజాము రాజ్యమున నున్న దినములలో ఇక్కడ హాలీ రూపాయి చెల్లెడిది. పొలిమేర దాటి బెజవాడ పోయినచో బ్రిటిషు రూపాయి కావలసెడిది. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆఱు బ్రిటిషు రూపాయలు. ఎద్దుల బేరగాండ్రు మొదలు కూరగాయలమ్ము స్త్రీలవఱకు ఈ మారకము వారికి నోటికి వచ్చును. ఏలయన, పొరబడినచో పోవునది చేతి డబ్బు. ఆ రెండు నాణెముల బాధ హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన కొన్నియేండ్లకు తొలగిపోయినది; ఎవ్వరును దానికై కన్నీరు పెట్టలేదు. డబ్బులో అణా పొరపాటు సహింపని మనము, ప్రాణములో అరువది డిగ్రీల పొరపాటును సహించుచున్నాము.

ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి చూడుడు. టీకామందులు పెట్టు శీతలపేటికలో వేడిమి 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ నడుమ నుండవలెను. నర్సమ్మ దానిని దినమునకు రెండుమార్లు చూచి పుస్తకములో వ్రాయును. పుట్టిన శిశువు చంకలో వేడిమి 36.5కు తగ్గరాదని ఆమెకు శిక్షణలో నేర్పుదురు. అదే నర్సమ్మ వరుసలో నిలిచిన జ్వరపువారి చీటిమీద 101, 103 అని వ్రాయును. ఒకే గది, ఒకే చేయి, ఒకే కలము, రెండు లెక్కలు. 2020లో కరోనా వచ్చినప్పుడు రైలు స్టేషనులలోను బడులలోను నుదుటికి గురిపెట్టు పరికరములను మనమందఱము చూచితిమి. వాని కొక మీట నొక్కినచో సెల్సియస్, మఱొక మీట నొక్కినచో ఫారెన్‌హైటు వచ్చును. ఆ పరికరమునకు రెండును సమానమే. మనమే దానిని వెనుకటి లెక్కలో నిలిపితిమి.

బడిలో జరుగునది ఇంకను శోచనీయము. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలివారి పాఠ్యపుస్తకమున జ్వరపు థర్మామీటరు 35 నుండి 42 డిగ్రీల సెల్సియస్ వఱకు కొలుచునని యున్నది. పిల్లవాడు దానిని చదువును, పరీక్షలో వ్రాయును, మార్కులు తెచ్చుకొనును. ఇంటికి వచ్చి జబ్బుపడినచో తల్లి 102 అనును. ఆ పిల్లవానికి కలుగు అభిప్రాయ మేమి? పుస్తకములోని అంకె పుస్తకమునకే. ఇంటిలోని అంకె వేఱు. విద్య వేఱు, బ్రతుకు వేఱు. తొమ్మిదిచే గుణించి అయిదుచే భాగించి ముప్పదిరెండు కలుపు లెక్కను వాడు పదిమార్లు చేసి యుండును. తన చెల్లెలి జ్వరమునకు దాని నొక్కమారైనను వర్తింపజేసి యుండడు. ఇంటికి ఉపయోగింపని విద్యను గూర్చి మన సంస్కర్తలు నూఱేండ్లుగా మొఱపెట్టుచున్నారు. ఆ మొఱకు ఇదియొక ప్రత్యక్షోదాహరణము.

మా వాదమునకు ఎదురుచెప్పువారి మాటలను గూడ పరిశీలింతము. "వైద్యులు ఫారెన్‌హైటు లోనే యడుగుదురు గదా" యని మొదటి యాక్షేపణ. నిజమే, పలువు రడుగుదురు. వారు చదివిన పెద్ద వైద్యగ్రంథములలోను, నేటి ప్రపంచపు వైద్యపత్రికలలోను సెల్సియసే కలదు. 39 అనిన యర్థము తెలియని వైద్యు డుండడు. రోగి యింటివారు 102 అని వచ్చుటచే ఆయనయు 102 అనుచున్నాడు. ఆయన 102 అనుటచే ఇంటివారును అట్లే యనుచున్నారు. ఒకరి నొకరు చూచి నడచు ఈ గొఱ్ఱెదాటులో ముందడుగు ఎవరిదైనను రెండవవారు వెంట వత్తురు. ఆ ముందడుగు చదువుకొనిన గృహములది కావలె నని మేము కోరుచున్నాము.

"ఫారెన్‌హైటు మెట్టు చిన్నది, కావున సూక్ష్మముగా తెలియును" అని రెండవ యాక్షేపణ. సెల్సియస్ మెట్టులో పదవవంతును నేటి అంకెల థర్మామీటరు సులభముగా చూపుచున్నది. అంతకంటె సూక్ష్మము ఏ తల్లికిని, ఏ వైద్యునకును అక్కఱలేదు. "రెండును తెలిసియున్న నష్టమేమి? మార్చుకొనవచ్చును గదా" యని మూడవది. తెలిసియుండుట వేఱు, తటాలున తోచుట వేఱు. అర్ధరాత్రి బిడ్డ యొడలు కాలుచుండగా తొమ్మిది, అయిదు, ముప్పదిరెండు లెక్క వేయు తల్లి యెక్కడనైన కలదా? అంకె చూడగనే అర్థము స్ఫురింపవలెను. ఒకే భాషలో ఆలోచించువానికే అట్టి స్ఫురణ కలుగును.

"అమెరికావారు ఫారెన్‌హైటునే వాడుచున్నారు, వారేమి చెడిపోయిరి?" అనునది నాలుగవది, నేడు మన గ్రామములందును దీనికి బలమెక్కువ. వారు ఎండను, జ్వరమును, పొయ్యిని సయితము ఒక్క లెక్కలోనే చూచుచున్నారని మఱువరాదు. వారి యింటిలో పోలిక చెడలేదు. డల్లాసులోని కుమారుడు ఫోనులో "ఇక్కడ నూటయైదు డిగ్రీలమ్మా" అని చెప్పగా ఇక్కడి తల్లి వానికి జ్వరమేమో యని గుండె పట్టుకొనును; వాడు చెప్పినది ఎండ, మన లెక్కలో 40.6. ఫారెన్‌హైటును మనకిచ్చిపోయిన ఆంగ్లేయులే 1962 నుండి తమ వాతావరణ వార్తలను సెల్సియస్ లోనికి మార్చుకొనిరి. ఇచ్చినవాడు విడిచిన వస్తువును పుచ్చుకొనినవాడు పూజించుట స్వదేశాభిమానమా, నాగరకతయా?

"ఈ గాజుగొట్టములన్నియు నేల? చేయి వేసి చూచిన తెలియదా?" అను పెద్దలును కలరు. స్పర్శపరీక్షను మేము తృణీకరింపము. మన ప్రాచీనవైద్యులు అష్టస్థాన పరీక్షలలో స్పర్శకు స్థానమిచ్చిరి. దేహమునకును మనస్సునకును కలుగు సంతాపమే జ్వరమునకు ముఖ్యలక్షణమని చరకసంహిత చెప్పుచున్నది. తల్లిచేయి జ్వరమున్నదని కనిపెట్టగలదు. ఎంత యున్నదో చెప్పలేదు. ఎండనుండి వచ్చిన చేతికి చల్లనిదిగా తోచిన నుదురు, నీళ్ళలో నానిన చేతికి వేడిగా తోచును. మఱియు మన భాషలో "వేడిచేసినది" అను మాట యొకటి కలదు. మామిడిపండు వేడి, బొప్పాయి వేడి, మజ్జిగ చలువ యని వాడుక. అది పథ్యమునకు సంబంధించిన మాట. థర్మామీటరు కొలుచు వేడిమికి దానితో పొత్తులేదు. "మా వానికి వేడిచేసినది, అంతే" యని 40 డిగ్రీల యొడలిని సబ్జా నీళ్ళతో సరిపెట్టుట ప్రాణముతో జూదమాడుట. మాట యొక్కటైనను వస్తువులు రెండని గుర్తింపవలెను.

సెల్సియస్ అంకె తెలిసినంతనే సర్వమును తెలిసినట్లు గాదని గూడ చెప్పుట మా విధి. వాతావరణశాఖవారు ప్రకటించు అంకె నీడలో, గాలి యాడు తెల్లని చెక్కపెట్టెలో, నేలనుండి నాలుగడుగుల యెత్తున ఉంచిన థర్మామీటరుది. పొలములో నెత్తిమీద ఎండ పడుచున్నవానికి తగులు సెగ అంతకంటె నెక్కువ. గాలిలో తేమ యెక్కువైనచో చెమట ఆరదు. అప్పుడు 38 డిగ్రీలే 44కంటె బాధించవచ్చును. కృష్ణ కాలువల తడిగాలి సోకు ఊళ్ళవారును, పొడిగాలి వీచు గనుల పట్టణములవారును ఒకే అంకెను ఒకే విధముగా గ్రహింపరాదు. ఐనను మొదటి అక్షరము నేర్చినవాడే గుణింతమునకు పోగలడు. ఒడలిని గాలిని ఒక్క కొలబద్దతో చూచుట ఆ మొదటి యక్షరము.

కావలసిన సంస్కరణము మిక్కిలి చిన్నది. దానికి ధనవ్యయము లేదు, సభలు లేవు, చందాలు లేవు. ఇంటిలోని అంకెల థర్మామీటరునకు మీట యున్నచో దానిని సెల్సియస్ లోనికి మార్చి యట్లే యుంచుడు. పాత గాజు థర్మామీటరైనచో దానిమీద చాలవఱకు రెండు వరుసల గీతలుండును. సెల్సియస్ వరుసను చూడుడు. పగిలినచో పాదరసము విషమని మఱువకుడు. అయిదు అంకెలను ఇంటిల్లిపాదియు నేర్చుకొనుడు: 37 ఆరోగ్యము, 38 జ్వరము, 39 గట్టి జ్వరము, 40 అపాయము, చంటిబిడ్డకు 36.5కు తక్కువ చలి, తల్లి రొమ్మున హత్తుకొని వెచ్చచేయవలెను. ఈ అంకెలను వంటింటి గోడమీద వ్రాసిపెట్టుడు. వాని ప్రక్కనే ఆనాటి యెండ అంకెను పిల్లలచేత వ్రాయింపుడు. మండలములందు స్వయముగా కొలుచు వాతావరణ కేంద్రములు నేడున్నవి. అంకె దొరకుట కష్టము గాదు. గోడమీది యెండ 37 దాటిననాడు మీ పొలమున పనిచేయువారిని మధ్యాహ్నము నీడకు రప్పింపుడు, నీటికుండను గట్టుమీద నుంచుడు. ఎండలో నిలువనక్కఱలేని మనము ఎండలో నిలుచువారికి చెల్లింపవలసిన కనీసపు ఋణమిది.

వైద్యులకు మా మనవి: చీటిమీద 39.2 అని వ్రాయుడు. ఇంటివా రడిగినచో నొక్క నిమిషము వివరింపుడు. పత్రికలవారికి మా మనవి: "భానుడు భగభగ" యని పెద్ద అక్షరముల శీర్షిక వేయుటతో తృప్తిపడక, ఎండ అంకె ప్రక్కన "ఒడలికంటె ఇన్ని డిగ్రీలు ఎక్కువ" యని యొక చిన్న పంక్తి చేర్పుడు. మందుల దుకాణదారులకు మా మనవి: థర్మామీటరు నమ్మునప్పుడే సెల్సియస్ లో నిలిపి యిండు.

మా ఎర్రుపాలెమునకు దవ్వుగాని పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, విజ్ఞానము ఆంగ్లము వచ్చినవారి సొత్తుగా నుండరాదని తలంచి 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించుటకు పూనుకొనిరి. శాస్త్రము తెలుగు చదువువారి యింటికి చేరవలె నని వారి సంకల్పము. నేడు శాస్త్రము ఇల్లు చేరినది. థర్మామీటరు రూపమున మందుల పెట్టెలో నున్నది. దాని మాట మన కర్థమగునట్లు చేసికొనుట మాత్రము మిగిలియున్నది. రోహిణీ కార్తె ప్రతి యేటను వచ్చును, ముందటికంటె కఠినముగా వచ్చుచున్నది. అది వచ్చులోపల ఈ చిన్న మార్పు మన గృహములలో జరుగుగాక యని చదువరులను వేడుచున్నాము.